నలభై సెకన్ల బరువు

సోమవారంలోగా కావలసిన పనులు: మూడు కొత్త సర్వర్లు బల్ల మీద వరసగా పెట్టాలి. మూడింటిలో మూడు రకాల ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఎక్కించాలి. జననాల రిజిస్టర్‌ని మూడు చోట్లా కంటెయినర్లలో నడిపి, ఏది తేలికో తేల్చాలి. మంత్రిగారి కుర్చీకి కొత్త దిండు కుట్టించాలి.

మొదటి మూడు పనులూ జనన నమోదు ఆఫీసులోని కాంట్రాక్టు ఇంజినీరమ్మవి. నాలుగోదానికి ఉపసంఘం వేశారు.

"ఇకపై పరిపాలనకు బరువుండదు" అని మంత్రిగారు అప్పటికే పత్రికలకు ప్రకటించి ఉన్నారు. ఇంత పెద్ద మాట ఇంత సులువుగా అనగలవారు అరుదు.

జాబితాలో లేని పని ఇంకొకటి ఇంజినీరమ్మ నెత్తిన ఉంది. అక్కకు నెల కిందట పాప పుట్టింది. బర్త్ సర్టిఫికెట్ చూపిస్తేగాని టీకాల కార్డు ఇచ్చేది లేదన్నారు ఆసుపత్రివాళ్లు.

"నువ్వుండే ఆఫీసే కదే, ఒక్క కాయితం తేలేవా?" అంది అక్క ఫోనులో.

"కొత్త సిస్టమ్ వచ్చేదాకా ప్రింట్లు ఆపేశారక్కా. సోమవారం మొదటి కాయితం నీదే."

శుక్రవారం మంత్రిగారు రిహార్సల్‌కి వచ్చారు. "ఈ కంటెయినర్ అంటే ఏమిటమ్మా?"

"ఒకే ఇంట్లో వాటాలు సర్. పునాది అందరికీ ఒకటే, దాన్ని కెర్నెల్ అంటాం. ఒక వాటావాళ్లకి పక్క వాటా కనపడదు. మన మూడు ఆపరేటింగ్ సిస్టమ్‌లలో ఫ్రీబీఎస్‌డీ జైలనీ, సొలారిస్ జోననీ పేరుపెట్టి వాటా కట్టే ఇస్తాయి. లైనక్స్‌లో గోడ వేరు, తలుపు వేరు, మనమే కూర్చుకోవాలి."

"ఉమ్మడి కాపురంలో వేరు కుంపట్లన్నమాట."

డైరెక్టరుగారు ఆ మాటను డైరీలో రాసుకుని, కింద గీత కూడా గీశారు.

మూడింటినీ నడిపించారు. ఒక్కోటి లేవడానికి అటూ ఇటూగా నలభయ్యేసి సెకన్లు పట్టింది. మంత్రిగారి ముఖం మాడింది. "నా ప్రసంగంలో అర సెకను అని ఉందే?"

"కంటెయినర్ పెట్టె అర సెకనులోనే లేస్తుంది సర్. లోపల ముప్ఫై లక్షల జననాలున్నాయి, వాటిని చదువుకోవద్దూ?"

"అంటే బరువు పెట్టెది కాదు, జనానిదన్నమాట" అని మంత్రిగారు సమస్య మూలాన్ని ఒక్క ముక్కలో పట్టేశారు.

డైరెక్టరుగారు ఆ సాయంత్రమే ముగ్గురు డిప్యూటీలకు మూడు యంత్రాలు అప్పగించారు. ఎవరిది తేలికైతే వారికి ప్రమోషన్. పాత యంత్రాన్ని డిస్కులతో సహా శుభ్రం చేయించి ప్రదర్శనశాలకు పంపారు. ఇంజినీరమ్మ బ్యాకప్ డ్రైవును బీరువాలో దాచితే, "బరువు ఎక్కడున్నా బరువేనమ్మా" అని అదీ చెరిపించారు.

పోటీ రసవత్తరంగా సాగింది. ఫ్రీబీఎస్‌డీ దక్కిన జైలు డిప్యూటీగారు అక్షరాల ఫాంట్లు తీసేశారు. ముప్ఫై అయిదు సెకన్లు. సొలారిస్ దక్కిన జోన్ డిప్యూటీగారు అరవై దాటినవాళ్లందర్నీ తీసేశారు. "వాళ్లు పుట్టారని అందరికీ తెలిసిందే కదా" అన్నారు. లైనక్స్ డిప్యూటీగారికి పట్టుదల వచ్చి ముప్ఫై దాటినవాళ్లను తీసేశారు. ఆ ఊపులో రిజిస్టర్‌లోంచి తానూ పోయారు. అంతటి త్యాగం ఈ రోజుల్లో ఎక్కడుంది?

ఆదివారం సాయంత్రానికి మూడింటిలోనూ పోయిన నెల జననాలే మిగిలాయి.

"ఈ ఒక్క నెలా ఉంచండి సర్, మీకు పుణ్యముంటుంది" అంది ఇంజినీరమ్మ, జైలు డిప్యూటీగారితో.

"ఎంత పడుతుంది?"

"సెకనులో పదో వంతు."

"పక్కాయన ఉంచాడా?"

"మీరు ఉంచితే ఉంచుతామన్నారు."

"వాళ్ల మాట నమ్మేదెవరమ్మా?" అని ఆయన మీట నొక్కారు. మిగతా ఇద్దరూ ఆయన్ని నిరాశపరచలేదు.

సోమవారం మూడు సిస్టమ్‌లూ అర సెకనులో లేచి నిలబడ్డాయి. మంత్రిగారు మూడింటికీ ప్రథమ స్థానం ప్రకటించి, కొత్త దిండు మీద కూర్చుని, మొదటి దరఖాస్తుదారును పిలవమన్నారు. అక్క పాపనెత్తుకుని కిటికీ దగ్గరికొచ్చింది. ఇంజినీరమ్మ వివరాలు కొట్టింది. చెయ్యి తీయకముందే తెర మీద జవాబు వచ్చేసింది: లేదు.

"వేగం చూశారా సర్?" అన్నారు డైరెక్టరుగారు. హాలంతా చప్పట్లు మోగాయి.

"లేదంటే ఏమిటే?" అంది అక్క. "ఇదిగో, చంకలో ఉందిగా."

పాఠకులకు చిన్న మనవి. పోయిన నెల పన్నెండో తేదీ మంగళవారం, ఉదయం ఆరూ పదికి, ఒక ఆడపిల్ల పుట్టింది. రెండు కిలోల తొమ్మిది వందల గ్రాములు. కుడి చెవి వెనక గోధుమరంగు మచ్చ ఉంది. దయచేసి గుర్తుపెట్టుకోండి.