ఫైజుల్లా కొరికిన రొట్టె

ఆ రోజు పొద్దున్న అబ్రోర్ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. చాయ్ తాగడం, స్నేహితుడికి కొండ మీది నీటి ఊట చూపించడం, మధ్యాహ్నం పెళ్ళివారింట్లో పలావు తినడం, సాయంత్రం బస్సెక్కించడం. ఆ స్నేహితుడు స్టోయన్ బల్గేరియావాడు. సోఫియాలో నాలుగేళ్ళు అబ్రోర్‌తో ఒకే గదిలో ఉండి చదువుకున్నాడు. సెలవు పెట్టి దేశాలు తిరుగుతూ సమర్‌కంద్ దాకా వచ్చి, నీ ఊరు చూడకుండా పోతే నాకు నిద్ర పట్టదురా అంటూ బఖ్మల్ కొండల్లోని ఈ పల్లెకు ముందురోజు సాయంత్రమే దిగాడు.

అబ్రోర్ తల్లి హోసియత్‌కు అతిథి అంటే ప్రాణం. కుర్రాడు వస్తున్నాడని తెలిసి తందూరు రాజేసి పద్నాలుగు రొట్టెలు కాల్చింది. ఈ పొద్దున్న మాత్రం ఆమె ఇంట్లో లేదు. వీధి చివర పెళ్ళివారింట పలావుకు క్యారెట్లు తరగడానికి ఊళ్ళో ఆడవాళ్ళతో పాటు తనూ ఒక కత్తి పట్టుకుని వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ, అతిథి ఆకలితో ఉండకూడదు సుమా అని కొడుక్కి మూడుసార్లు చెప్పింది. రొట్టెలోకి మీగడ ఉంటే బాగుంటుందని అబ్రోర్ గిన్నె పట్టుకుని పైవీధికి వెళ్ళాడు. మీగడ అమ్మే ముసలాయన ఊరికే వదిలే రకం కాదు. బల్గేరియా ఆవులు పూటకు ఎన్ని పాలిస్తాయో ఆరా తీశాకగానీ గిన్నె నింపలేదు.

అబ్రోర్ తిరిగొచ్చేసరికి స్టోయన్ వసారాలో బాసింపట్టు వేసుకుని తీరిగ్గా మూతి తుడుచుకుంటున్నాడు.

"మీ రస్కు బ్రహ్మాండంగా ఉందిరా. చాయ్‌లో ముంచితేగానీ లొంగలేదు," అన్నాడు.

"ఏ రస్కు?"

"అదే, గోడ మీద మేకుకు గుడ్డలో చుట్టి తగిలించారే."

మీగడ గిన్నె అబ్రోర్ చేతిలోంచి జారి మెట్ల మీద బోర్లా పడింది.

ఆ ఊళ్ళో ఎవరు దూరం పోతున్నా, గడప దాటేముందు కొత్త రొట్టెను ఒక్కసారి కొరికి వెళ్తారు. మిగతాది గోడకు వేలాడుతుంది. పోయినవాడు తిరిగొచ్చి తన రొట్టె తానే తిని ముగించాలి. బాకీ ఉన్న మెతుకే మనిషిని ఇంటికి లాక్కొస్తుందని నమ్మకం. స్టోయన్ తిన్నది అబ్రోర్ తమ్ముడు ఫైజుల్లా రొట్టె. పదకొండు నెలల కిందట సైన్యంలోకి పోతూ కొరికి వెళ్ళాడు. ఇంకో పది రోజుల్లో రావాలి. హోసియత్ రోజూ పడుకోబోయే ముందు ఆ మూటను తడిమి చూసుకుని, పెదాలతో ఏదో అనుకుని, అప్పుడు పక్క ఎక్కుతుంది. బిడ్డ రొట్టె మరొకడి పొట్టలోకి పోయిందని తెలిస్తే ఆ తల్లికి పది రోజులూ కంటి మీద కునుకుంటుందా?

"ఎవరో కొరికిన రొట్టెను ఎలా తినబుద్ధయిందిరా నీకు?" అన్నాడు ఏడుపు గొంతుతో.

"మీ మావయ్యేగా చెప్పాడు, ఇంటివాళ్ళు ముందు తుంచాకే అతిథి ముట్టుకోవాలని. నాకోసమే మొదలుపెట్టి ఉంచారనుకున్నా. ముట్టుకున్న రొట్టెలో పొడి కూడా వదలకూడదన్నాడు. వదల్లేదు."

నిజమే. రాత్రి మావయ్య అతిథిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, అబ్రోర్ చేతే మాట మాటా చెప్పించి, రొట్టె మర్యాదలన్నీ నూరిపోశాడు. శిష్యుడు తు.చ. తప్పలేదు.

తల్లి రావడానికి ఇంకా మూడు గంటలుంది. అబ్రోర్ బుర్ర చకచకా పనిచేసింది. రొట్టె నడుమ అద్దే పూలముద్ర ఇంటికొక తీరుగా ఉంటుంది. నిన్నటి రొట్టెల మీద ఉన్నదీ తమ ఇంటి ముద్రే కాబట్టి ఆ బెంగ లేదు. ఒకదాన్ని కొరికి, మట్టి మిద్దె మీద ఎండలో ఆరబెడితే కాస్త గట్టిపడుతుంది. చిక్కంతా ఆ కొరకడంలోనే ఉంది. చిన్నప్పుడు కంచరగాడిద తన్నడంతో ఫైజుల్లాకు పైవరసలో ముందుపళ్ళు రెండు పోయాయి. అతను కొరికిన చోట అంచు మధ్యలో వేలెడంత రొట్టె బయటికి పొడుచుకొచ్చి మిగిలిపోతుంది.

ఇద్దరూ నిచ్చెనేసుకుని మిద్దెక్కారు. మొదట అబ్రోర్ కొరికాడు. అర్ధచంద్రంలా చక్కగా తెగింది, పనికిరాలేదు. రెండోది స్టోయన్ కొరికాడు. గుర్రం కొరికినట్టుంది. మూడోసారి అబ్రోర్ ముందుపళ్ళ మీద గుడ్డపీలిక కప్పుకుని కొరికితే పీలిక కూడా రొట్టెలోనే ఉండిపోయింది. నాలుగోసారి నోరు పక్కకు తిప్పి, ఐదోసారి తలకిందులుగా పట్టుకుని ప్రయత్నించారు. ఆరోసారి స్టోయన్ ఒక్కో పక్కనుంచి విడివిడిగా కొరికితే అది రొట్టెలా కాదు, తాళంచెవిలా తయారైంది. రొట్టెను పారేస్తే మహాపాపం గనక చెడినవన్నీ మిద్దె మీదే వరసగా పేర్చారు. చివరికి అబ్రోర్‌కు బుద్ధి వికసించి, చెంచాతో చెక్కి ఏడోదాన్ని తమ్ముడి పంటిగాటుకు దగ్గరగా తీసుకొచ్చాడు.

సరిగ్గా అప్పుడే పక్కింటి సనోబర్ బొంతలు ఆరేయడానికి తన మిద్దె ఎక్కింది. అబ్రోర్, ఆ పరదేశీ పక్కపక్కనే నిలబడి ఉన్నారు. వాళ్ళ కాళ్ళ దగ్గర కొరికిన రొట్టెలు. లెక్కపెట్టింది. ఏడు. ఆ ఊళ్ళో కొరికిన రొట్టెకు ఉన్నది ఒకటే అర్థం. ఆమె బొంతలు అక్కడే వదిలేసి పెళ్ళివారింటికి పరుగెత్తింది.

అబ్రోర్ ఆ పరదేశీతో పాటు వాళ్ళ దేశం వెళ్ళిపోతున్నాడనీ, ఇంకో ఆరుగురు కూడా సిద్ధమయ్యారనీ ఆమె చెప్పింది. రెండో నోటికి వచ్చేసరికి ఆ ఆరుగురూ ఈ ఊరి కుర్రాళ్ళే అయ్యారు. మూడో నోట్లో బస్సు కూడా వచ్చి వాగు అవతల ఆగి ఉంది. తల్లులందరూ ఎవరి కొడుకుల్ని వాళ్ళు లెక్క చూసుకున్నారు. ఎవరి కొడుకూ కళ్ళెదుట లేడు. పెళ్ళికొడుకు కూడా కనిపించకపోయేసరికి వాళ్ళమ్మ నెత్తీ నోరూ కొట్టుకుంది. అతను మంగలి ముందు మెడ వంచుకుని కూర్చున్నాడన్న సంగతి ఎవరికీ తట్టలేదు. నలభై మంది ఆడవాళ్ళు క్యారెట్లు తరిగే కత్తులతో సహా హోసియత్ వాకిట్లోకి వచ్చిపడ్డారు.

హోసియత్ అందరికన్నా ముందుంది. తలగుడ్డ జారిపోయినా చూసుకోలేదు.

"దిగిరా. దిగొచ్చి నిజం చెప్పు. ఒకడు పది రోజుల్లో వస్తాడని నేను రోజులు లెక్కపెట్టుకుంటుంటే, నువ్వు బయలుదేరావా? నాకో మాటైనా చెప్పాలనిపించలేదా నాయనా?"

అబ్రోర్ నిచ్చెన దిగాడు. పరిస్థితి ముందు నుయ్యి, వెనక గొయ్యి. రొట్టె సంగతి దాస్తే, పెద్దకొడుకూ చేజారిపోయాడని తల్లి గుండె పగులుతుంది. చెబితే చిన్నకొడుకు కోసం పగులుతుంది. ఇక దాచలేకపోయాడు. తను ఎక్కడికీ పోవడం లేదనీ, అతిథి తెలియక ఫైజుల్లా రొట్టె తినేశాడనీ, దాని బదులు ఇంకోటి చేయబోయి ఇంత పని చేశామనీ మొత్తం చెప్పేసి తల దించుకున్నాడు.

నలభై కత్తులూ కిందికి దిగాయి.

"నువ్వు ఎక్కడికీ పోవడం లేదా?" అంది హోసియత్.

"లేదమ్మా."

"అతను తిన్నాడు, అంతేనా?"

"పొడితో సహా."

హోసియత్ మెట్టు మీద చతికిలబడి, గుండెల మీద చెయ్యేసుకుని గట్టిగా ఊపిరి పీల్చుకుంది. "బతికించావురా. ఫైజుల్లా కొరికింది రెండో నెల్లోనే ఎలుకలు తినేశాయి. ఇతను తిన్నది ఐదోది."

"మరి ఆ పంటిగాటు?"

"చెంచా ఉందిగా."

"మరి రోజూ రాత్రి మూట తడుముతావు కదమ్మా?"

"మళ్ళీ ఎలుకలు పడ్డాయేమోనని. నువ్వు దిగులు పడతావని నోరెత్తలేదు. తమ్ముడు వెళ్ళిన రోజు గొర్రెల పాక వెనక కూర్చుని ఏడ్చింది నువ్వే కదా."

అబ్రోర్‌కు మెల్లగా ఇంకో అనుమానం తలెత్తింది. సోఫియా నుంచి వచ్చిన రోజు తనూ నాలుగేళ్ళ నాటి తన రొట్టెను చాయ్‌లో ముంచుకుని, కన్నీళ్ళతో తిన్నాడు. ఆ పిండి రుచి మర్చిపోలేనిదని స్టోయన్‌కు నాలుగు పేజీల ఉత్తరం కూడా రాశాడు. అదైనా అసలుదేనా అని తల్లిని అడిగాడు. ఆమె సనోబర్ వైపు చూసింది.

"ఆ ఏడాది మన గోధుమ బాగాలేదు," అంది. "వాళ్ళింటి రొట్టె తెచ్చాను."

"ముద్ర తేడా కనిపిస్తుందేమోనని ఇద్దరం ఎంత భయపడ్డామో," అంది సనోబర్. ఆపైన గొంతు తగ్గించి, తన కొడుకుది మేక తినేసిందని కూడా చెప్పింది. పెళ్ళికొడుకు తల్లి తమది వానకు తడిసి బూజు పట్టిందని ఒప్పుకుంది. ఒకామె ఇంటికి సున్నం వేయిస్తూ పారేసుకుంది. మరొకామె భర్త మతిమరుపుతో సూపులో వేసుకున్నాడు. నలభై మందీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ఇన్నేళ్ళూ నేనొక్కదాన్నే పాపిష్టిదాన్ననుకుని నమాజు నమాజుకూ ఏడ్చాను కదే," అంది అందరిలోకీ ముసలావిడ, కోపంగా.

ఏమంటున్నారని స్టోయన్ భయంభయంగా అడిగాడు. నిన్ను క్షమించారు అని మాత్రం చెప్పాడు అబ్రోర్. తర్వాత ఆడవాళ్ళందరూ మిద్దెక్కి ఏడు రొట్టెల్నీ అటూ ఇటూ తిప్పి చూశారు. చేయి తిరిగినవాళ్ళు గనక, చెంచా ఇంకాస్త ఏటవాలుగా పట్టుకుని ఉండాల్సిందని తప్పు పట్టి, ఏడోదాన్ని సరిదిద్ది మేకుకు తగిలించారు. మిగతా ఆరూ పెళ్ళివారి సూపులోకి పోయాయి.

పదో రోజున ఫైజుల్లా వచ్చాడు. సైన్యంలో అతనికి ముందుపళ్ళు రెండూ కట్టించారు. ఊరంతా చూస్తుండగా రొట్టె దింపి, అంచు మీద వేలు పెట్టి తడిమి కళ్ళు తుడుచుకున్నాడు. వెయ్యి రొట్టెల్లో కలిపినా తన పంటిగాటు తాను గుర్తుపడతాననీ, కాపలా కాసే రాత్రుల్లో ఇదే కళ్ళ ముందు మెదిలేదనీ చెప్పి, ఇంకా అంతగా గట్టిపడని ఆ రొట్టెను కష్టపడి నములుతున్నట్టు నమిలాడు. బిడ్డ మాట కాదనడానికి ఏ తల్లికీ నోరు రాలేదు.