బల్లకో గంట

మనిషిని మనిషి నోటితో పిలవడమంత అనాగరికం ఇంకొకటి లేదు. ఈ సంగతి మీకు ఇంకా తెలియలేదంటే తప్పు మీది కాదు. మీరు మా హోటలుకి రాలేదన్నమాట!

నా పేరు గంగులు. ఆమదాలవలసలో స్టేషను ఎదురుగా ఉన్న కాఫీ హోటల్లో పదహారేళ్లుగా సర్వర్ని. ఎనిమిదో క్లాసు ప్యాసయ్యాను కాబట్టి నా అభిప్రాయాలు కాగితం మీద పెట్టగలను.

కిందటి వేసవి వరకు నన్ను పిలవడానికి ఒక పద్ధతంటూ ఉండేది కాదు. కొందరు "ఒరే" అనేవారు. కొందరు కోడిని అదిలించినట్టు "ఉష్" అనేవారు. ధాన్యం బేరాలకు వచ్చే నరసింగరావు గారు చిటికె వేసేవారు. ప్యాసింజరు దిగిన జనం గ్లాసులతో బల్లలమీద దరువు వేసేవారు. చిటికెకి వెళ్లాలో దరువుకి వెళ్లాలో తెలియక సాంబారు బకెట్టుతో నేను గిర్రున తిరుగుతుంటే, "ఈడికి సెవుడేటిరా?" అని జాలిపడేవారు.

అలాంటి చీకటి రోజుల్లో మా యజమాని జగన్నాధం గారు విశాఖపట్నం వెళ్లి, ఒక పెద్ద హోటల్లో ఇత్తడి గంట చూసి వచ్చారు. నెత్తిమీద నొక్కితే టింగుమంటుంది. వారం తిరక్కుండా మా ఎనిమిది బల్లలమీదా ఎనిమిది గంటలు వెలిశాయి. గోడమీద బోర్డు కూడా పెట్టించారు: "కేకలు వేయరాదు. గంట నొక్కిన సర్వరు వచ్చును."

గంట వల్ల ముందుగా బాగుపడింది నా ఆరోగ్యం. పూర్వం మనిషికి ఏదైనా కావలసి వస్తేనే పిలిచేవాడు. ఇప్పుడు గంట ఉంది కాబట్టి నొక్కుతాడు. నేను వెళ్లి నిలబడ్డాక, ఏం కావాలా అని ఆలోచిస్తాడు. "ఏటున్నాది?" అంటాడు. ఇడ్లీ, ఉప్మా, పెసరట్టు, పూరీ అని ఒక్క ఊపిరిలో చెబుతాను. అంతా విని, "అయితే ఓ గ్లాసుడు నీళ్లట్రా," అంటాడు. డాక్టరు చెబితే మాత్రం ఎవడండీ రోజుకింత నడిచేది?

నరసింగరావు గారినే చూడండి. టింగు! పెసరట్టులో ఉల్లిపాయ లేదు. మార్చాను. టింగు! ఉల్లిపాయ ఎక్కువైపోయింది. కాఫీ తెచ్చాను. టింగు! చల్లగా ఉంది. వేడిది తెచ్చాను. టింగు! నోరు కాలింది. పూరీలు పొంగుతున్నాయి, అటు నాలుగు బల్లలు మోగుతున్నాయి, మళ్లీ టింగు! పరిగెత్తాను.

"ఏటి కావాలి బాబూ?"

"ఏటీ అక్కర్లేదు. అది సెప్దామనే పిలిసాను," అన్నారాయన.

ఎంత మర్యాద! చిటికెల కాలంలో ఇలాంటి కబురు నాదాకా వచ్చేదా?

గంట వల్ల భక్తి కూడా పెరుగుతుంది. శివరాత్రికి మా ఆవిడ గున్నమ్మతో శ్రీముఖలింగం వెళ్లాను. క్యూలో ముందున్న ఆయన గుడిగంట కొట్టాడు. నేను జనాన్ని తోసుకుని గర్భగుడి గడపదాకా వెళ్లి, "వస్తన్నానండీ! ఏటి తెమ్మంటారు?" అన్నాను.

పూజారి చేతిలో హారతి అలాగే ఆగిపోయింది. గున్నమ్మ చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది. "సామికే ఆర్డరు అడుగుతావేటి! నీకు మతి పోనాది!"

పోతే పోయింది. నా సర్వీసులో గంట మోగాక ఏమీ తెమ్మనకుండా, ఒక్క మాటా అనకుండా ఉన్నవాడు ఆ స్వామి ఒక్కడే.

గంటలు రాకముందు నుంచీ నాతోపాటు అసిరయ్య అని ఇంకో సర్వరు ఉండేవాడు. గంటలు వచ్చిన నెలకి జగన్నాధం గారు అతన్ని పిలిచి, "పిలవడానికి గంటలున్నాయి కదా, పలకడానికి ఇద్దరెందుకు?" అన్నారు. వాదన గట్టిది. అసిరయ్య రైసుమిల్లులో బస్తాలు మొయ్యడానికి వెళ్లిపోయాడు. మొన్న దారిలో కనబడితే, నడుం ఎలా ఉందని అడిగాను.

"బస్తా నయం బావా," అన్నాడు. "అది పిలవదు."

ఆ తరవాత ఒకరోజు, హోటలు పనివాళ్ల బాగోగులు విచారించడానికి ఒక ఆఫీసరు వచ్చారు. కుర్చీలో కూర్చుని పుస్తకం తెరిచారు.

"మీ దగ్గర ఎన్ని గంటలండీ?"

జగన్నాధం గారు బల్లలవైపు ఒక చూపు చూసి, "ఎనిమిదేనండి," అన్నారు.

ఆఫీసరు నావైపు తిరిగారు. "నిజమేనా?"

యజమాని కూడా నావైపు తిరిగారు. పెళ్లాం, ఇల్లు, అసిరయ్య బస్తాలు, అన్నీ ఒకసారి కళ్లముందు కదిలాయి. అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. లెక్కపెట్టి చూశాను. ఎనిమిదే.

"అవునండి," అన్నాను.

ఆయన ఎనిమిది అని రాసుకుని, పెసరట్టు కోసం టింగుమనిపించారు. మొదటి బండి నుంచి ఆఖరి బండిదాకా నేను పరిగెత్తే గంటల సంగతి ఆయన అడగలేదు. అడగనిది తెచ్చిపెట్టడం సర్వరు పని కాదు.

ఇంత చక్కగా నడుస్తున్న హోటల్లోకి కిందటి సోమవారం దాలమ్మ అనే ఆవిడ వచ్చింది. కళింగపట్నం నుంచి ఎండుచేపలు తెచ్చి సంతలో అమ్ముకుంటుంది. గంప బయట దించి, మూలబల్ల దగ్గర కూర్చుంది. ఎంతసేపటికీ గంట ముట్టుకోదు! ప్లేట్లతో పదిసార్లు ఆమె పక్కనుంచే వెళ్లాను. గంట మోగని బల్ల నాకు కనబడడం మానేసి చాలాకాలమైంది. చివరికి నేనే ఆగాను.

"అమ్మా, గంట కొట్టలేదేటి?"

"ఆవుకి కట్టినట్టు నీకు గంటేటి బాబూ? మనిసివి గదా. ఖాళీ అయితే నువ్వే వస్తావని కూకున్నాను."

"నాను ఖాళీ అవనమ్మా."

ఆమె నా కాళ్లవైపు చూసింది. "ఎలగ వాసిపోనాయో సూసుకున్నావా? నాను నెత్తిమీద గంప మోస్తాను గానీ, దించుతాను. నువ్వు దించవేటి? కూకో."

ఆ మాట ఆ హోటల్లో నాతో ఎవరూ అనలేదు. ఎదురు కుర్చీలో కూర్చున్నాను.

ఒక గంట మోగింది. తరవాత రెండు. తరవాత అన్నీ. లేద్దామనే అనుకున్నాను. మోకాళ్లు ఒప్పుకోలేదు. నరసింగరావు గారు అరచేత్తో గంటని బాదారు, బాదారు, ఆఖరికి లేచి వెళ్లి కుండలో నీళ్లు తానే ముంచుకున్నారు. పక్కాయనకి కూడా పోశారు. ఎవరూ చచ్చిపోలేదు. జగన్నాధం గారు గల్లాపెట్టె దగ్గరనుంచి లేచి వచ్చి నా ఎదుట నిలబడిపోయారు. పాపం, ఆయన నిలబడగా చూడడం నాకదే మొదలు!

నన్ను ఉద్యోగంలోంచి తీసేస్తారనుకున్నాను. తియ్యలేదు. మర్నాడు మూలబల్ల దగ్గర నేను కూర్చున్న ఆ కుర్చీ తీయించేశారు.

అందుకని మహాజనులకు నాదొక చిన్న మనవి. రోజూ కొత్త కొత్త వస్తువులు కనిపెడుతున్నారట కదా! నాలుగు కాళ్లుంటాయి, చప్పుడు చెయ్యదు, మనిషి దానిమీద కాసేపు కూర్చుంటాడు. ఏ పెద్ద ఊళ్లోనైనా సర్వర్లకి అలాంటిది వాడుతున్నట్టు మీ కంటబడితే, దయచేసి మా జగన్నాధం గారితో ఒక మాట చెప్పండి.