యాభై ఏడో మెట్టు

ఆ రోజు పొద్దున బురుజు బాబాయి అనుకున్నది ఒక్కటే, నోరు అదుపులో పెట్టుకోవాలని. ఊరి నడిబొడ్డున ఉన్న గడియారం బురుజును వచ్చినవాళ్ళకు చూపించడం ఆయన ఇరవై ఏళ్ళ ఉద్యోగం. ఆ పేరు రావడం కూడా అందుకే. కొత్తగా వచ్చిన ఆఫీసరు మేడమ్ ఆ రోజు పరీక్ష పెడతారట. తప్పు చరిత్ర చెబితే చొక్కాకున్న గైడు బిళ్ళ ఊడుతుంది. అది ఊడితే ఈయనకు చేతనైన పని ఇంకొకటి లేదాయె.

"పుస్తకంలో ఉన్నదే చెప్పండి. మీ సొంత పైత్యం కలపకండి," అంది భార్య.

"నాకు పైత్యమా?"

"మరి ఆ యాభై ఏడో మెట్టు ఎవరి పైత్యం?"

ఆ మెట్టు సంగతి చెప్పుకోవాలి. బురుజుకు నాలుగు అంతస్తులు, ఇటుకా సున్నం గోడలు, లోపల మెలికలు తిరుగుతూ నూట నలభై మెట్లు. అందులో యాభై ఏడోది వంకర. బాబాయి ఉద్యోగంలో చేరిన మొదటి రోజే ఒక భారీ మనిషి దానిమీద తూలి, "ఎవడయ్యా దీన్ని కట్టింది?" అని కేకలేశాడు. ఆయన్ని చల్లబరచడానికి బాబాయి అప్పటికప్పుడు కథ అల్లాడు. పెద్దమేస్త్రీ భార్య మధ్యాహ్నం అన్నం తెస్తూ అక్కడే జారి పడిందట. అక్కడ అందరూ ఒక్క క్షణం నిదానించాలని మేస్త్రీ కావాలనే మెట్టును వంకరగా వేశాడట. భారీ మనిషి కళ్ళు తుడుచుకున్నాడు. ఇక ఆ కథకు అడ్డు లేకపోయింది. అదే పనిలో చేరిన బావమరిదికి కూడా అబ్బింది.

మేడమ్ పుస్తకం చంకలో పెట్టుకుని గుంపుతో పాటు మెట్లెక్కారు. బాబాయి బడిపిల్లాడిలా ఒప్పజెప్పాడు: కట్టిన సంవత్సరం, గోడల మందం, కమానుల లెక్క, నాలుగు దిక్కులా నాలుగు గడియారాలు. వంకర మెట్టును ముఖం తిప్పుకుని దాటేశాడు.

"ఆగు నాయనా," అంది ఒక పెద్దావిడ. "మేస్త్రీ పెళ్ళాం కథేదీ?"

"అలాంటి కథేం లేదమ్మా."

"లేకపోవడమేంటి? మా అమ్మాయి పెళ్ళయిన కొత్తలో వస్తే నువ్వే చెప్పావు. చెబుతూ ఏడ్చావు కూడా!"

"అది నేను కాదు. ఇంకెవరో అయ్యుంటారు."

అంతలో పైనుంచి బావమరిది తన గుంపుతో దిగుతున్నాడు. "నెమ్మదిగా రండమ్మా, ఆ మహాతల్లి జారింది ఇక్కడే!"

బాబాయి ఆపరా అన్నట్టు కనుబొమలెగరేశాడు. ఇంకాస్త పెంచమంటున్నాడు కాబోలనుకున్నాడు బావమరిది. "ఆ రోజు నుంచి మేస్త్రీ మళ్ళీ నవ్వలేదండీ!" అని గొంతు వణికించాడు. వాళ్ళ గుంపులో సగం మంది ముక్కులు చీదారు.

మేడమ్ చూస్తున్నారు. బాబాయి గబగబా అందుకున్నాడు. "ఒట్టిదండీ! మేస్త్రీ కొలత తప్పాడు, అంతే. రేపే సరిచేయించేస్తాం!"

"ఏదీ, సరిచెయ్యి చూద్దాం!" అంటూ పెద్దావిడ ఆ మెట్టు మీద చతికిలబడింది. ఆవిడ పక్కన ఒక కొత్త జంట కూర్చుంది. పైవాళ్ళు కిందికి, కిందివాళ్ళు పైకి తోసుకోవడంతో మేడమ్ గోడకు అతుక్కుపోయారు. అదే అదనుగా నెత్తిమీద గడియారం పది కొట్టింది. అందరూ చెవులు మూసుకున్నారు, పెద్దావిడ తప్ప.

చివరికి బావమరిదే ఆవిడ ముందు వంగాడు. "లే పెద్దమ్మా, మా బావ తెలియక అన్నాడు. నీ మెట్టెక్కడికీ పోదు."

కిందికి దిగాక మేడమ్ భుజానికంటిన సున్నం దులుపుకున్నారు. "ఏ పుస్తకం చదివి చెబుతున్నారు మీరు?"

"మన ఆఫీసుదేనండీ. ఒక్క ముక్క బయటికి పోలేదు."

"అది పాతది. పోయినేడు కొత్తది వేశాం." ఆవిడ చంకలో పుస్తకం తీసి తెరిచారు. రెండు పేజీల నిండా వంకర మెట్టు బొమ్మ, కింద మేస్త్రీ భార్య కథ. "బురుజులోకెల్లా ముఖ్యమైన సంగతి! ఇరవై ఏళ్ళ నుంచి ఉండి, ఇదే తెలియదా మీకు?"

బాబాయి నోరు తెరిచాడు. నేనే కల్పించానంటే బిళ్ళ పోతుంది. ఊరుకుంటే తెలివితక్కువవాడనిపించుకోవడంతో సరిపోతుంది. నోరు మూశాడు.

బిళ్ళ ఉంది గానీ, నెల రోజులు బావమరిది దగ్గర చరిత్ర నేర్చుకోమని కాగితం చేతికొచ్చింది.

మర్నాడు బావమరిది ఆయన్ని వెనక వరసలో నిలబెట్టి, మధ్యలో ప్రశ్నలు వేయొద్దన్నాడు.