ఫారం నింపండి, ప్రార్థన పొందండి

ఈ కాలంలో దేవుడి సేవకు కావలసింది మోకాళ్ళు కాదు, మోడెమ్!

ఈ మాట నేను మౌంట్ ఆల్బర్ట్‌లోని మా తెలుగు సంఘంలో లేచి నిలబడి అన్నప్పుడు సగంమంది ఆమెన్ అన్నారు. మిగతా సగం మోకాళ్ళ నొప్పులవాళ్ళు, వాళ్ళు ఇంకా గట్టిగా అన్నారు. ఆ ఊపులో నన్ను వెబ్ కమిటీ కన్వీనర్‌ని చేసేశారు. కమిటీలో ఎంతమంది అంటారా? ఇద్దరం. నేనూ, నా మౌసూ.

మాకు సొంత గుడి లేదు. ఒక కివీ, అంటే ఈ దేశపువాళ్ళ, చర్చి హాలు ఆదివారం మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా అద్దెకు తీసుకుంటాం. నాలుగు కొట్టేసరికి ఒక తెల్ల పెద్దాయన తాళాల గుత్తి పట్టుకుని గుమ్మంలో నిలబడి చిరునవ్వు నవ్వుతాడు. ఈ దేశంలో అంతకన్నా గట్టిగా ఎవరూ గెంటరు!

అందుకే, "సంఘానికి సైటు వచ్చింది!" అని నేను ప్రకటించగానే హాలు చప్పట్లతో దద్దరిల్లింది.

"ఎన్ని గజాలన్నా?"

"కార్నర్ బిట్టేనా?"

"తూర్పు ఫేసింగా?" అని కూడా ఎవరో అన్నారు. బాప్తిస్మం తీసుకుని పాతికేళ్ళయినా ఆయన్ని వాస్తు వదల్లేదు.

వెబ్‌సైటని చెప్పాక చప్పట్లు ఆగిపోయాయి. ఒక ఆంటీ మాత్రం ఇప్పటికీ నేను కనపడితే చాలు, పునాదిరాయి ఎప్పుడు బాబూ అని అడుగుతూనే ఉంది.

తర్వాత బ్రాడ్‌బాండ్ పెట్టిద్దామన్నాను. మా పాస్టర్ ఆశీర్వాదం గారు ఉలిక్కిపడ్డారు. "బ్రాడ్ అంటే విశాలం కదా బ్రదర్? విశాలమైన దారి నాశనానికి పోతుందని వాక్యంలో మీరు చదవనిదా?" అన్నారు. ఫోన్‌లైన్ మీద నడిచే మా పాత డయలప్ ఇరుకు దారి కాబట్టి అదే క్షేమమట! నిజమే. డయలప్ కలిసేదాకా ఎదురుచూడాలంటే విశ్వాసం కావాలి, ఓర్పు కావాలి, ఇంట్లో ఎవరూ ఫోనెత్తకుండా ఉండాలి. నిరీక్షణ అంటే ఏమిటో నాకు నేర్పింది ఆ కీచుమనే శబ్దమే.

అయినా నేను తగ్గలేదు. నెట్ అంటే వలే కదా! వల వెయ్యడం మనవాళ్ళకు కొత్తా? వేశాను. బరువు తగ్గించే మాత్రలు పడ్డాయి. లాటరీ గెలిచారన్న శుభవార్తలు పడ్డాయి. ఎక్కడో చనిపోయిన మంత్రిగారి భార్య పడింది. ఆమె నన్ను "దేవునియందు ప్రియమైన సహోదరా" అని పిలిచింది. మా సంఘంలో కూడా అంత ఆప్యాయంగా పిలిచేవాళ్ళు లేరండీ!

సైటులో వాక్యం తెలుగులోనే ఉండాలని పట్టుబట్టాను. నా కంప్యూటర్‌లో బ్రహ్మాండంగా కనిపించింది. మిగతా ప్రపంచానికి మాత్రం వరసగా డబ్బాలు కనిపించాయి. హామిల్టన్ నుంచి ఒక విశ్వాసి ఫోన్ చేసి, "బ్రదర్, అది అన్యభాషల వరమా?" అన్నాడు. కాదనడానికి నాకు మనసొప్పలేదు.

ఇక హిట్లు. మూడు నెలల్లో నాలుగు వేల నూట పన్నెండు! వారం వారం ఆ అంకె వేదిక మీద చదివేవాణ్ణి. మా సంఘంలో వచ్చేది అరవైమంది. అంటే నేను ఎంతమందిని చేరుకున్నట్టు?

"ఏమండీ, అందులో నాలుగు వేలు మీవే," అంది మా ఆవిడ సుగుణ. "పొద్దున లేచి మొహం కడుక్కోకుండా అదే నొక్కుతున్నారు."

"డాడ్, రిఫ్రెష్ కొట్టినప్పుడల్లా అది పెరుగుతుంది," అంది మా అమ్మాయి కీర్తన. పేరుకే కీర్తన, నన్ను కీర్తించిన పాపాన పోలేదు.

సరే, మిగిలిన నూట పన్నెండైనా నికరం అనుకున్నాను. అవి గుంటూరులో ఉన్న మా తమ్ముడివి.

ఇలాంటి చిన్నచిన్న పరీక్షలు ఎన్ని వచ్చినా, నా సేవ అంతటికీ శిఖరం వేరే ఉంది. ఆన్‌లైన్ ప్రార్థన మనవి!

పూర్వం మా పద్ధతి ఏమిటంటే, ఆరాధన చివర్లో పాస్టర్ గారు "మనవులున్నవాళ్ళు లేచి చెప్పండి" అనేవారు. ఒకాయన లేచి తన బీపీ సంగతి వాళ్ళ తాతగారి బీపీ నుంచి మొదలెట్టేవాడు. గుమ్మంలో చిరునవ్వు వెడల్పయ్యేది. అంతటితో అయిందా? శనివారం నాలుగైదు కుటుంబాలు కట్టకట్టుకుని ఆ మనిషి ఇంటికి వెళ్ళడం, పాడటం, తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చెయ్యడం, టీ తాగడం, పకోడీలు బాగున్నాయనడం. ఎంత టైం వేస్ట్! ఎంత పెట్రోలు!

నేను ఒక్క దెబ్బతో అదంతా ఎత్తేశాను. మనవులన్నీ ఇకపై వెబ్‌సైటులోనే! పేరు రాయాలి, రకం ఎంచుకోవాలి: అనారోగ్యం, ఉద్యోగం, రెసిడెన్సీ, వివాహం, ఇతరములు. బటన్ నొక్కిన మరుక్షణం, డబ్బాలు పడకుండా ఇంగ్లీషు అక్షరాల్లో, జవాబు వెళ్తుంది: "మీ మనవి అందింది. సంఘమంతా మీ కోసం ప్రార్థిస్తున్నది." సుగుణ పడుకున్నా, నేను పడుకున్నా, కంప్యూటర్ మేలుకునే ఉంటుంది. ఇంతకన్నా మెలకువ గల కాపరి ఎక్కడైనా ఉన్నాడా?

పోయిన ఆదివారం మొగిలయ్య నా దగ్గరకొచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు. మొగిలయ్యది వరంగల్ వైపు. ఇక్కడ సిటీ బస్సు నడుపుతాడు. మా ఇంటికి నాలుగు వీధుల అవతల ఉంటాడు.

"అన్నా, సావిత్రి ఇంటికొచ్చింది. గుండె ఆపరేషన్ మంచిగైంది. అంతా మీ ప్రార్థనల వల్లనే!"

"ప్రభువుకే మహిమ!" అన్నాను. ఏ ఆపరేషన్? ఎప్పుడు?

ఇంటికొచ్చి మనవుల మెయిల్‌బాక్స్ తెరవబోయాను. పాస్‌వర్డ్ గుర్తులేదు. ఎందుకుంటుందీ, పెట్టిన రోజు తప్ప మళ్ళీ తెరిస్తే కదా! కీర్తన ఎలాగో తెరిచి పెట్టింది. అరవై ఒక్క మనవులు. యాభై తొమ్మిది మాత్రలూ, లాటరీలూ. ఒకటి మా పాస్టర్ గారిదే: "వెబ్ కమిటీ కన్వీనర్ గారు ప్రసంగం మధ్యలో ఫొటోలు తీయడం మానేలా ప్రార్థించండి." రకం: ఇతరములు.

చివరిది మొగిలయ్యది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. "నా భార్య సావిత్రికి వచ్చే గురువారం గుండె ఆపరేషన్. భయపడుతున్నది. అంతకుముందు శనివారం ఇంటికి దయచేసి రండి." వచ్చి ఐదు వారాలైంది.

నేను ఒక్కణ్ణే నడిచి వెళ్ళాను. దారి పొడుగునా ఒక జోకు తయారు చేసుకుందామని చూశాను, కుదరలేదు.

సావిత్రి సోఫాలో దిండ్లకు ఆనుకుని ఉంది. మనిషి సగమైంది. నన్ను చూడగానే లేవబోయింది.

"కూసో, కూసో," అన్నాడు మొగిలయ్య. "అన్న మనోడే. మనింట్ల కంప్యూటర్ లేదు గదన్నా, లైబ్రరీల ఒక మేడమ్‌ను బతిమిలాడి టైపు చేపిచ్చిన. నొక్కుడే ఆలస్యం, జవాబొచ్చింది! ప్రింటు తీపిచ్చి ఆస్పత్రికి పట్కపోయిన."

"శనివారం మేము... రాలేకపోయాం," అన్నాను.

"అయ్యో, అందరికి డ్యూటీలుంటయి గదన్నా," అంది సావిత్రి. "సంఘమంతా ప్రార్థన చేస్తున్నరని కాయితమొచ్చె. నాకదే ధైర్యం. లోపటికి తోల్కపోయేదాక దిండు కిందనే పెట్టుకున్న."

పాఠకులారా, ఇప్పుడు చెప్పండి, వెబ్‌సైటు వరమా కాదా? అది లేకపోతే ఆ శనివారం నేను ఈ గదిలోకి రావలసి వచ్చేది. ఆపరేషన్‌కు ముందు భయంతో ఉన్న మనిషి పక్కన కూర్చోవలసి వచ్చేది. నోరు తెరిస్తే చమత్కారాలు తప్ప రాని నాలాంటివాడు అక్కడ ఏం మాట్లాడతాడు? చేతులెక్కడ పెట్టుకుంటాడు? టైమూ కాదు, పెట్రోలూ కాదండీ, నాకు ఆ గదులంటే భయం. ప్రపంచమంతటినీ చేరుకోవాలని నేను అంత తాపత్రయపడింది, నాలుగు వీధులు నడవలేక!

సావిత్రి చెంగు తలమీదికి లాక్కుంది.

"ఆ రోజు మీరు ఏమని ప్రార్థన చేసిన్రో నేను వినలేదన్నా. గదే మళ్లొకసారి చెయ్యరాదు? వింట."

మొగిలయ్య టీవీ ఆపేసి వచ్చి ఆమె పక్కన తల వంచుకున్నాడు. ఇద్దరూ కళ్ళు మూసుకున్నారు. నేను మోకాళ్ళూనాను. సావిత్రి తల మీద చెయ్యి పెట్టాను. మా ప్రార్థనల్లో చేసేవాడు ఒక్కో మాటా అనగానే వినేవాళ్ళు స్తోత్రం అంటారు.

"ప్రభువా," అన్నాను.

"స్తోత్రం," అన్నారిద్దరూ.

"ఆ రోజు ఈ సహోదరి కోసం మాలో ఒక్కరం కూడా ప్రార్థన చెయ్యలేదు."

నా చేతి కింద తల కదల్లేదు.

"స్తోత్రం," అంది సావిత్రి ఒక్కతే.

అలవాటు కొద్దీ అందో, విని అందో, కళ్ళు తెరిచి చూసే ధైర్యం నాకు లేకపోయింది.