స్థానికులకు రూములు ఇవ్వబడవు

“మిద్దె మీది రూము బాడుగకిస్తే ఈ మనిషి అంతటితో ఆగుతాడా, లేకుంటే మమ్మల్ని కూడా వీధిలోకి తోస్తాడా?”

అప్పటికి ఇంకా ఏమీ జరగలేదు. మా ఆయన మునిప్రసాద్ పైగదికి రంగు వేయిస్తున్నాడు. నేను కింద దోసె తిప్పుతూ పైకే అనేశాను. నా బుర్రే అంత. ఫోన్ మోగితే ఎవరికో ఏదో అయిందనుకుంటాను. మోగకపోతే అయ్యే ఉంటుందనుకుంటాను.

ఇప్పుడు తప్పు ఒప్పుకుంటున్నాను. దురాశ చాలా మంచిది! ఇంటికొక దురాశాపరుడు ఉండి తీరాలి.

నేను చదివింది తొమ్మిదో తరగతి. సోషల్ పుస్తకంలో పెట్టుబడిదారీ విధానం పాఠం వచ్చేలోపే నాకు పెళ్లి చేశారు. ఆ పాఠం మా ఇంట్లోనే ప్రాక్టికల్స్‌తో సహా జరుగుతుందని ఎవరు అనుకున్నారు?

మా ఇంటి నుంచి అలిపిరికి నడిచిపోవచ్చు. కొండకు వచ్చేవాళ్లకు ఒక రూము ఇస్తే తప్పేముంది? నిజంగానే తప్పులేదు. పైగది ఇచ్చాం, కరెంటు బిల్లుకు తడుముకోవడం తప్పింది. నేనూ సంతోషించాను. అంతటితో ఆగి ఉంటే ఇది రాసే భాగ్యం నాకు దక్కేదా?

ఆయనకు ఒక జబ్బు పట్టుకుంది. ఏదైనా ఖాళీగా కనిపిస్తే ఓర్వలేడు. “ఖాళీగా పెట్టుకుంటే దండగ గదా” అంటాడు. ముందు మా పడకగది పోయింది. నిద్రపోయేటప్పుడు ఎటూ కళ్లు మూసుకునే ఉంటాం, ఏ గదైతే ఏమిటన్నాడు. న్యాయమే కదా? తర్వాత దేవుడి గది. స్వామి కోసం వచ్చినవాళ్లను స్వామి గదిలో ఉంచితే పుణ్యమన్నాడు. మా దేవుళ్లంతా ఫ్రిజ్ మీదికి చేరారు. ఎండాకాలం చల్లగా ఉంటారట. ఫ్రిజ్ పైన వేడిగా ఉంటుందని దేవుళ్లకు తెలుసు, నాకు తెలుసు.

ఇంక బాత్‌రూము. అతిథులకు బ్రేక్ దర్శనం, మాకు సర్వదర్శనం. బకెట్ పట్టుకుని క్యూలో నేర్చుకున్న ఓర్పు ఏ యోగా మాస్టరు నేర్పగలడు?

గేటుకు బోర్డు కూడా కొట్టించాడు. ‘చెకౌట్ ఉదయం పది గంటలు. స్థానికులకు రూములు ఇవ్వబడవు.’ ఊళ్లోవాళ్లకిస్తే లేనిపోని తంటాలని లాడ్జీల వాళ్లను చూసి నేర్చుకున్న రూలు అది.

నా భయాలకు ఎంత మేలు జరిగిందో చెప్పలేను! ఇదివరకు దొంగలొస్తారని మూడుసార్లు గడియ చూసుకునేదాన్ని. ఇప్పుడు దొంగైనా సరే బుక్ చేసుకోవాలి, ఆధార్ చూపించాలి. పైగా హాల్లో చాపలు పరుచుకుని పడుకోవడంతో ఆయనా నేనూ దగ్గరయ్యాం. గురక విషయంలో ఒకరి గురించి ఒకరికి కొత్త సంగతులు తెలిశాయి.

ఒక్కటే ఇబ్బంది. కాసేపు ఊరికే కూర్చోవాలంటే దడ. ఖాళీగా కనిపిస్తే నన్ను కూడా రూముల యాప్‌లో పెట్టేస్తాడేమోనని చేతిలో ఎప్పుడూ ఒక చీపురు ఉంచుకుంటున్నాను.

ఇంత ఎందుకయ్యా అని ఒకసారి అడిగాను. వీధి చివరి చిన్నబ్బకు ఆరు రూములున్నాయట. సరే, చిన్నబ్బన్నా సుఖంగా ఉన్నాడేమోనని ఆయన భార్య కోమలిని కదిపాను. బైపాస్ దగ్గర ఎవరికో పన్నెండున్నాయని వాళ్లాయన అన్నం సరిగ్గా తినడం లేదట. ఆ పన్నెండాయన ఎవరిని తలుచుకుని కంచం ముందు కూర్చున్నాడో పాపం! దేశంలో సంపద ఊరికే పెరుగుతుందా? ఇంతమంది అన్నం మానుకుంటేనే కదా పెరిగేది!

చివరికి మా కూతురు లోహిత గది మిగిలింది. పాప ఇంటర్ రెండో సంవత్సరం. గదిలో ఒక టేబులు, ఒక కిటికీ, గోడ నిండా ఫార్ములాలు. పరీక్షలు ఇంక వారం ఉన్నాయనగా ఆ గది కూడా యాప్‌లోకి ఎక్కింది. ఫార్ములాల మీద కొండ బొమ్మ అతికించి ‘హిల్ వ్యూ’ అని రాశాడు. కిటికీలోంచి కనిపించేది ఎదురింటి నీళ్ల ట్యాంకు.

పాప పుస్తకాలతో హాల్లోకి వచ్చింది. అక్కడ అతిథుల పిల్లలు ఆడుకుంటుంటే వంటింట్లోకి జరిగింది. పోపు ఘాటుకు తుమ్ముతూ మూడు రోజులు చదివింది. నాలుగో రోజు నెమ్మదిగా చెప్పింది. “హాస్టల్‌కు పోతానమ్మా. ఆడైతే నాదని ఒక మంచమన్నా ఉంటాది.”

నా బుర్ర మొదలుపెట్టింది. కొత్త చోటు, నీళ్లు పడవేమో, తిండి సయించదేమో, పరీక్ష నాటికి జ్వరం వస్తుందేమో, ఒకసారి పోయిన పిల్ల మళ్లీ ఈ ఇంట్లో ఉంటానంటుందో లేదో. పరుగున వెళ్లి మా ఆయనతో చెప్పాను. ఆయన పాప చాప వైపు చూశాడు. చూపుతోనే పొడుగూ వెడల్పూ కొలిచాడు.

“పోనీలే, ఆ జాగా ఖాళీ అవుతాది” అన్నాడు.

ఆయనకు మన భాష అర్థం కావడం లేదు, ఆయన భాషలోనే చెప్పాలనుకున్నాను. మా ఇంట్లో ఇంతవరకు బాడుగకు పోనిది పోపుల డబ్బా ఒక్కటే. అందులో దాచిన డబ్బు తీసి పాపకిచ్చాను. పాప దాన్ని అంగడాయనకిచ్చి ఫోన్‌లో వేయించుకుంది. మిగతా పని వేళ్లతో కానిచ్చింది.

మర్నాడు పొద్దున ఆయన ఫోన్ టింగుమంది. హిల్ వ్యూ రూము. లోహిత పేరు మీద, ఒక్కరే, పరీక్షలు ముగిసే తేదీ వరకూ. అడ్వాన్సు కూడా పడింది.

“మన పాప పేరే సూడు, శకునం బాగుండాది” అని పొంగిపోయాడు. బీరువాలోంచి కొత్త దుప్పటి తీసి పరిచాడు. సబ్బు పెట్టాడు, నీళ్ల బాటిళ్లు పెట్టాడు, ఫ్యాను చప్పుడు చేస్తోందని నూనె వేశాడు. ఆ ఫ్యాను సంగతి పాప రెండేళ్లుగా చెబుతూనే ఉంది.

పది గంటలకు గేటు దగ్గర నిలబడ్డాడు. పెరటి వాకిలిలోంచి బయటికి పోయిన పాప సందు చుట్టి, పుస్తకాల బ్యాగు భుజానికేసుకుని గేటు ముందుకొచ్చింది.

“పక్కకు జరుగు పాపా, పార్టీ వచ్చే టైమైంది” అన్నాడు.

పాప ఆధార్ కార్డు తీసి ఆయన చేతిలో పెట్టింది. అలవాటు కొద్దీ చదివాడు. పేరు లోహిత. తండ్రి పేరు మునిప్రసాద్. ఇంటి నంబరు, ఆయన భుజం పక్కన గేటు మీద ఉన్న నంబరే. దాని కిందే బోర్డు.

“లోకలోళ్లకు ఇయ్యరంట గదా నాయనా,” అంది పాప. “నేను యాడికి పోవాల?”

ఇన్నాళ్లూ ఆ మాట అడగాలని నా నోటిదాకా వచ్చేది. అడిగితే ఆయన ఏమంటాడోనని చీపురు పట్టుకుని పక్కకు తప్పుకునేదాన్ని.

ఆయన కార్డు వెనక్కి తిప్పి చూశాడు. మళ్లీ ముందుకు తిప్పాడు. రోడ్డు మీద జీపు నిండా భక్తులు గోవిందా అంటూ పోయారు. ఆ చప్పుడు సందు మలుపు దాటి ఆగిపోయింది. లోపల కుక్కర్ మూడు విజిళ్లు వేసింది. ఇల్లు పేలిపోతుందేమోనని భయపడే నేను కూడా ఆపడానికి కదల్లేదు. నాలుగో విజిల్ కూడా వచ్చింది.

అప్పుడు కార్డు పాప చేతికిచ్చి, తనే పక్కకు జరిగాడు.

“లోపలికి పో పాపా. నీకు చెకౌట్ టైమంటూ లేదు.” పాప బ్యాగు తను అందుకున్నాడు. “అడ్వాన్సు మాత్రం వాపసు రాదు.”