తలుపు ఒప్పుకున్న కారణం

ఉగాది వెళ్ళిన సోమవారం నుంచి చిననాగయ్యపాలెంలో ఏ తలుపైనా, ఎందుకు దాటుతున్నారో డచ్చి భాషలో చెబితేనే తెరుచుకుంటోంది. డచ్చే ఎందుకని అడగడానికి, ఆ పొద్దున పొలాల్లో ఉన్నవాళ్ళు కొందరు మండలాఫీసుకి వెళ్ళారు. ఆఫీసు తలుపూ డచ్చిలోనే అడిగేసరికి తిరిగొచ్చేశారు. పంచాయతీ సెక్రటరీ సన్యాసిరావు కిటికీ కిటికీకీ తిరిగి వాక్యాలు వల్లె వేయించాడు. ప్రతి వాక్యం 'ఓమ్' అని మొదలవుతుందని తెలిశాక పురోహితుడు కూడా అభ్యంతరం చెప్పలేదు.

జోగేశ్వరి వాళ్ళింట్లో శుక్రవారాలు తలుపుకి పసుపూ కుంకుమా పెట్టి, ఆ తర్వాత డచ్చి చెప్పేవారు. అన్న సింహాద్రికి వచ్చింది ఒక్కటే: "ఓమ్ తె వాందెలెన్." ఊరికే తిరగడానికి అని. సగం చెప్పేసరికే అతనికి గడియ ఊడేది.

జూన్‌లో, జోగేశ్వరి టౌన్లో కాలేజీలో చేరడానికి ఆఖరి రోజు వచ్చింది. మధ్యాహ్నం బస్సు తప్పితే సీటు ఇంకొకరికి పోతుంది. జోగేశ్వరి సంచీ తగిలించుకుని తలుపు ముందు నిలబడింది. బళ్ళో పేరు పెట్టి పిలిస్తే తప్ప నోరు విప్పని పిల్ల.

"ఓమ్ తె స్టుదేరెన్," అంది. చదువుకోవడానికి అని.

గడియ కదల్లేదు.

"గట్టిగా అనే, దానికి ఇనబడాల గదా," అంది వంటింట్లోంచి తల్లి గౌరమ్మ.

గట్టిగా అంది. కదల్లేదు.

"నీ గొంతు సీమక్కూడా ఇనబడదే. నాను సెప్పనా?" అని మంచం మీంచి నవ్వాడు సింహాద్రి. అయితే ఒకరి కారణం మీద ఇంకొకరు గడప దాటడానికి నిబంధనలు ఒప్పుకోవు.

సన్యాసిరావుని కేకేస్తే కిటికీ దగ్గరికొచ్చి విన్నాడు. "నీ తప్పేం లేదమ్మా. ఆడపిల్లలైతే తలుపు కారణానికి ఇంకో కారణం అడుగుతోంది. చదువు దేనికీ అని."

"తెలుసుకోడానికండి."

"అది చెల్లదు. తక్కిన పిల్లలంతా ఏం చెప్పి వెళ్ళారో అదే చెప్పేయ్."

మలుపు దగ్గర బస్సు హారన్ కొట్టింది. గౌరమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. ఆ మాట జోగేశ్వరికి రాక కాదు. కిటికీల దగ్గర ఆడపిల్లలకి మొట్టమొదట నేర్పింది అదే.

"చదువుకోవడానికి. మంచి సంబంధం రావడానికి," అని డచ్చిలో అంది.

గడియ నూనె రాసినట్టు జారింది. రెక్కలు రెండూ గోడకి ఆనుకునేదాకా తెరుచుకున్నాయి.

"మొదటే అనీసుంటే పోయేది గదే! ఊరికే కంగారెట్టేసినావు," అంది గౌరమ్మ, మొహమంతా సంతోషంతో.

బస్సు తలుపు అడిగితే జోగేశ్వరి అదే చెప్పింది. కాలేజీ గేటుకీ అదే. "ఉచ్చారణ బాగుంది," అని గుమాస్తా మెచ్చుకుని సీటు ఇచ్చాడు. క్లాసు గది దగ్గర, ఆమె ఇంకా ఏమీ అనుకోకముందే, నోరు ఆ వాక్యం చెప్పేసింది. లోపల కూర్చున్న అమ్మాయిలెవరూ తలెత్తి చూడలేదు.