నెట్ లేదు, అందరికీ తెలియజేయండి

నీటి సరఫరా కార్యాలయంలో కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగిని అందరూ వైర్ల సారు అంటారు. ఆయన అసలు పేరు హాజరు పట్టీకి తప్ప ఎవరికీ గుర్తులేదు. పద్దెనిమిదేళ్ళుగా "నెట్ రావడం లేదు" అన్న మాట వినీ వినీ చెవులు తూట్లు పడిన ఆ మనిషికి, ఆ రోజు పదిన్నరకు తిరిగి మాట్లాడే అవకాశం మొదటిసారి వచ్చింది. సిబ్బందికి కంప్యూటర్ నెట్‌వర్కుల గురించి పరిచయంగా ఒక గంట చెప్పమని పెద్ద ఇంజనీరు గారు ఆదేశించారు.

పొద్దున్నే గడ్డం గీసుకుంటూ ఉపన్యాసమంతా భార్యకు వినిపించాడు. పెద్ద ఉత్తరమేదైనా పంపాలంటే నెట్‌వర్క్ దాన్ని ముక్కలు చేస్తుందనీ, ప్రతి ముక్క మీదా చిరునామా, వరస నంబరు వేస్తుందనీ, ఏ ముక్క ఏ దారిన వెళ్ళినా అవతలివాళ్ళు వరసగా పేర్చుకుంటారనీ, దారిలో పోయిన ముక్కను మళ్ళీ అడిగి తెప్పించుకుంటారనీ చెప్పాడు.

ఆవిడ క్యారేజీ మూత బిగిస్తూ శ్రద్ధగా వింది.

"మీ ఆఫీసు మూడంతస్తులే కదండీ. లేచి వెళ్ళి ఇచ్చి వస్తే పోయేదానికి ఇంత తతంగం దేనికి?"

ఇలాంటి ప్రశ్నలకు ఉపన్యాసం చివర్లో సమయం ఉంటుందని చెప్పి ఆయన బయటపడ్డాడు.

తొమ్మిదిన్నరకల్లా మూడో అంతస్తులోని సమావేశం హాలుకు చేరి, బల్ల మీద అరచేతి వెడల్పున్న ఒక నల్ల పెట్టె పెట్టాడు. దాని ముందు భాగంలో వరసగా ఎనిమిది కన్నాలు. గోడలోంచి వచ్చిన వైరును ఒకదాంట్లో గుచ్చి పెట్టెను ఆఫీసు నెట్‌వర్కుకు కలిపాడు. పొడుగాటి పసుపు వైరు ఒక కొసను ఇంకోదాంట్లో గుచ్చి, రెండో కొసను బల్ల అంచున వేలాడనిచ్చాడు. అందరూ చూస్తుండగా దాన్ని తన ల్యాప్‌టాప్‌కు తగిలించాలని ఆయన ఉద్దేశం.

సూపరింటెండెంటు గారు వచ్చి కుర్చీలు సరిచేయిస్తున్నారు. రిటైరవడానికి రెండేళ్ళున్న మనిషి. ఫైలు తాడు కొసలు సమానంగా లేకపోతే ఆయనకు ముద్ద దిగదు. ఆ పెట్టె ఏమిటని అడిగితే వైర్ల సారు స్విచ్ అన్నాడు. నొక్కేది ఎక్కడుందని ఆయన చుట్టూ తిప్పి చూశారు. ఇది నొక్కే స్విచ్ కాదనీ, వచ్చిన సమాచారం ఎవరికో చూసి వాళ్ళ వైపు పంపేదనీ, ఎవరికో తెలియకపోతే అందరికీ పంపేదనీ వైర్ల సారు ఓపిగ్గా చెప్పాడు. ఆ తర్వాత కాగితాలు ప్రింటు తీసుకోవడానికి కిందికి దిగుతూ, మర్యాదకు, హాలు కొంచెం నీటుగా ఉండేలా చూడమని ఒక మాట అనేసి వెళ్ళాడు.

పది గంటల పది నిమిషాలకు ఆఫీసంతటా నెట్ పోయింది.

మొదట పంపుల విభాగం అసిస్టెంట్ ఇంజనీరమ్మ పరుగెత్తుకొచ్చింది. ఎత్తు మీదున్న కాలనీలో నూట ఎనభై ఇళ్ళకు నీళ్ళెక్కించే కొత్త పంపు కోసం ఎనిమిది నెలలు ఎండలో తిరిగి ప్రణాళిక తయారుచేసిన మనిషి ఆవిడ. పన్నెండు గంటల్లోగా అది ప్రధాన కార్యాలయానికి చేరాలి. అది కూడా ఆఫీసు నెట్‌వర్కులోంచి పంపితేనే వాళ్ళు తీసుకుంటారు, ఫోను నెట్ పనికిరాదు. చేరకపోతే ఆ ఇళ్ళవాళ్ళు ఇంకో ఏడాది ట్యాంకరు వెనక బిందెలతో నిలబడాల్సిందే.

"వంద పాళ్ళలో మూడు పాళ్ళు వెళ్ళి ఆగిపోయింది సార్" అందావిడ. గొంతులో ఏడుపు లేదు, అంతకంటే భయపెట్టే నిదానం ఉంది.

వైర్ల సారు కింది అంతస్తులోని సర్వర్ల గదికి పరుగెత్తాడు. అక్కడ దీపాలన్నీ పూనకం వచ్చినట్టు టపటపా కొట్టుకుంటున్నాయి. అన్నిటినీ ఆపి మళ్ళీ వేశాడు. కాసేపు నెమ్మదించినట్టే ఉండి మళ్ళీ మొదలుపెట్టాయి. కనెక్షన్ ఇచ్చిన కంపెనీకి ఫోన్ చేస్తే, అటువైపు గొంతు లైట్లు వెలుగుతున్నాయా అని అడిగింది. విపరీతంగా వెలుగుతున్నాయని చెప్పాడు. అయితే మంచిదే కదండీ అని ఆ గొంతు సంతోషించింది.

పదిన్నరకు పెద్ద ఇంజనీరు గారు ఉపన్యాసం వాయిదా వేసి, తన చేత్తో ఒక చీటీ రాశారు: "నెట్ లేదు. ఈ సంగతి అందరికీ తెలియజేయండి." చీటీ సూపరింటెండెంటు గారి చేతికొచ్చింది. ఆయన ఆదేశాన్ని అక్షరం పొల్లుపోకుండా పాటించే రకం. ఏడు నకళ్ళు రాయించి ఏడు విభాగాలకూ పంపారు.

చిక్కంతా అక్కడే వచ్చింది. చీటీ అందుకున్న ప్రతి విభాగమూ ‘తెలియజేయండి’ అన్న మాట తనకే చెప్పారనుకుంది. బిల్లుల వాళ్ళు అందరికీ తెలియజేశారు. ఫిర్యాదుల వాళ్ళు బిల్లుల వాళ్ళతో సహా అందరికీ తెలియజేశారు. మీటర్ల విభాగానికి అదే సంగతి అయిదు చోట్ల నుంచి అందేసరికి, వ్యవహారం ముదురుతోందని భయపడి, ‘అత్యవసరం’ అని ఎర్ర సిరాతో రాసి మళ్ళీ అందరికీ పంపింది. మెట్ల మీద ఎక్కేవాళ్ళు, దిగేవాళ్ళు ఢీకొంటున్నారు. జిరాక్సు మిషను వేడెక్కి వాసన వస్తోంది. ఎవరి బల్ల దగ్గరా మనిషి లేడు. అందరూ అందరికీ తెలియజేస్తున్నారు.

వైర్ల సారు ఈలోగా రెండు అంతస్తుల్లో బల్లల కిందికి దూరి వైర్లు తడిమి చూశాడు. మోకాళ్ళకు దుమ్ము, జుట్టుకు సాలెగూడు. దారిలో ఎదురైన ప్రతివాడూ చీటీ చేతిలో పెట్టి, చూసినట్టు సంతకం చేయమన్నాడు. నెట్ లేదన్న సంగతి తనకు తెలుసని మొదటి ముగ్గురికీ మర్యాదగానే చెప్పాడు. నాలుగో మనిషి దగ్గర్నుంచి చెప్పడం మానేసి, సంతకం గీకి పారేశాడు. ఫిర్యాదుల విభాగం మాత్రం ఆయన్ని ఆపి, ఇదేదో నీళ్ళ గొట్టాల్లోలాగా ప్రెజరు తగ్గి ఉంటుందని సలహా కూడా ఇచ్చింది.

పదకొండూ ముప్పై ఎనిమిదికి, రెండో అంతస్తు మెట్ల మలుపులో జనం మధ్య ఇరుక్కుపోయి కదల్లేక నిలబడ్డప్పుడు, ఎవరో ఆయన చేతిలో మరో చీటీ పెట్టారు. దాని మీద అప్పటికే తొమ్మిది సంతకాలున్నాయి. మూడోది ఆయనదే. ఆరోదీ ఆయనదే.

కోపంతో ఆ కాగితాన్ని నలపబోయి, ఆగాడు. ఇదే చీటీ తన దగ్గరికి మూడోసారి వచ్చింది. కొత్త సంగతి ఒక్కటీ లేదు. పాతదే గుండ్రంగా తిరిగి తిరిగి, తిరిగినప్పుడల్లా పిల్లలు పెట్టి, అసలు పనికి వెళ్ళేవాళ్ళకు మెట్ల మీద చోటు లేకుండా చేస్తోంది. సర్వర్ల గదిలో దీపాలు ఎందుకలా కొట్టుకుంటున్నాయో ఆయనకు అప్పుడు తెలిసింది. ఎక్కడో ఒక వైరు బయల్దేరిన పెట్టెలోకే మళ్ళీ వచ్చి చేరింది. అందరికీ అని బయల్దేరిన ప్రతి కబురూ అందులోంచి వెళ్ళి అందులోకే వస్తోంది.

తను ఇంతవరకూ వెతకని చోటు ఒక్కటే ఉంది.

ఆయన జనాన్ని మోచేతులతో తోసుకుంటూ మూడో అంతస్తుకెక్కాడు. హాలు అద్దంలా ఉంది. కుర్చీలు గీత గీసినట్టున్నాయి. బల్ల మీది పసుపు వైరు చక్కగా చుట్టచుట్టి, వేలాడే కొస లేకుండా, అదే పెట్టెలో మొదటి కొస పక్కనున్న కన్నంలో గుచ్చి ఉంది.

వెనకాలే వచ్చిన సూపరింటెండెంటు గారు ఆయాసపడుతూ చెప్పారు.

"వేలాడుతుంటే ఎవరి కాలికైనా తగులుతుందని నేనే సర్ది పెట్టాను బాబూ. సరిగ్గా పట్టింది."

వైర్ల సారు వైరు పీకి, అది ఏం చేసిందో చేతిలోని చీటీని గుండ్రంగా తిప్పి ఆయనకు చూపించాడు. నెట్ వచ్చిందని కింద ఎక్కడో అసిస్టెంట్ ఇంజనీరమ్మ కేక వినిపించింది. పన్నెండుకు నాలుగు నిమిషాలుందనగా ప్రణాళిక మొత్తం వెళ్ళిపోయింది. ఆవిడ కుర్చీలో వెనక్కి వాలి, ఎనిమిది నెలల తర్వాత మొదటిసారి చెప్పులు విప్పి కాళ్ళు చాపుకుంది.

పన్నెండు దాటాక కూడా చీటీలు తిరుగుతూనే ఉన్నాయి. పైగా నెట్ వచ్చింది కాబట్టి, మీటర్ల విభాగం నెట్ లేదన్న సంగతిని ఈమెయిల్లో కూడా అందరికీ పంపింది.

మూడింటికి పెద్ద ఇంజనీరు గారి నుంచి పిలుపొచ్చింది. వైర్ల సారు సంజాయిషీ రెండు పేజీలు రాసుకుని వెళ్ళాడు. అందులో వైరు గుచ్చిన చెయ్యి ఎవరిదో రాయలేదు. రెండేళ్ళలో రిటైరయ్యే మనిషి మీద రాయడానికి మనసొప్పలేదు. కానీ సూపరింటెండెంటు గారు అప్పటికే అక్కడ కూర్చుని, తప్పు తనదేనని ఒప్పేసుకుని, అసలేం జరిగిందో నాలుగు చీటీలు బల్ల మీద గుండ్రంగా తిప్పి చూపిస్తున్నారు. పెద్ద ఇంజనీరు గారు ముందుకు వంగి, పిల్లాడిలా చూస్తున్నారు.

"పద్దెనిమిదేళ్ళలో ఇది నాకు అర్థం కావడం ఇదే మొదటిసారయ్యా" అన్నారాయన, వైర్ల సారు వైపు తిరిగి. "వచ్చే సోమవారం ఉపన్యాసం ఈయనే ఇస్తారు. నువ్వు బల్ల మీద వైర్లు అవీ సర్దిపెట్టు."

సోమవారం హాలు నిండిపోయింది. వైర్ల సారు ప్రింటు తీసిన కాగితాలు ముందే బట్టీపట్టిన సూపరింటెండెంటు గారు ఏడు విభాగాలవాళ్ళనూ నిలబెట్టి, చీటీలు చేతులు మార్పించి, ముక్కలు చేయించి, వరస నంబర్లు వేయించి, ఒక ముక్కను కావాలని జేబులో దాచి మళ్ళీ అడిగించారు. జనం నవ్వారు, చప్పట్లు కొట్టారు. అన్నిటికంటే విడ్డూరం, వాళ్ళకు అర్థమైంది. వెనక వరసలో గోడకానుకుని నిలబడ్డ వైర్ల సారు, ఒక చిన్న సాంకేతిక వివరం తప్పుగా వచ్చిందని చెయ్యెత్తాడు.

"అడగండి బాబూ, సిగ్గుపడకండి" అన్నారు సూపరింటెండెంటు గారు ఆప్యాయంగా. "మొదట్లో ఎవరికైనా ఇది కష్టంగానే ఉంటుంది."

వైర్ల సారు చెయ్యి దించేశాడు.